గీత దాటిన చుక్క

హైటెక్ సిటీలో పనిచేశానంటే అందరూ అద్దాల మేడ ఊహించుకుంటారు. మా ఆఫీసు అలాంటిది కాదు. కొత్తగూడ చౌరస్తా నుంచి లోపలికి తిరిగే సందులో, కింద టిఫిన్ సెంటరు, దానిమీద ఆడపిల్లల హాస్టలు, ఆ పైన మేము. పొద్దున్నే మెట్లెక్కుతుంటే సాంబారు వాసన, తలకి తగిలే హాస్టలు తడి తువ్వాళ్ళు. లిఫ్టు ఉండేది. అది పనిచేసిన రోజు ఒకరికొకరం కబురు చెప్పుకునేవాళ్ళం. కిటికీలోంచి మాత్రం అసలైన హైటెక్ సిటీ కనబడేది, ఎండలో తళతళలాడుతూ. టీ తాగుతూ దాన్ని చూసి కుళ్ళుకోవడం మాకు రోజువారీ కార్యక్రమం.

మా పని అడవి మంటలు చూడటం. ఈ మాట చెబితే మా చుట్టాల్లో ఒకాయన, "కంప్యూటర్ ముందు కూర్చుని అడవిలో మంటలేం చూస్తావమ్మా" అని ఫంక్షన్ హాల్లో అందరి ముందూ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన పక్కన కూర్చుని భోజనం చెయ్యకుండా వేరే వరసలోకి వెళ్ళిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అడిగింది సబబైన ప్రశ్నే.

పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఉపగ్రహం మన మీదుగా పోతుంది. కింద ఎక్కడైనా నేల విపరీతంగా వేడెక్కి కనబడితే, ఆ సంగతి రెండు మూడు గంటల తరవాత మా తెర మీద ఎర్ర చుక్కగా పడుతుంది. ఆ చుక్క అటవీశాఖ వాళ్ళ ఏ రేంజి, అంటే ఏ పరిధి, కిందికి వస్తుందో, ఏ ఊరికి దగ్గరో చూసి, ఆ రేంజి ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పడం మా ఉద్యోగం. వాళ్ళు మనుషుల్ని పంపి ఆర్పించేవారు. ఒక్కో చుక్క ఒక కిలోమీటరు పొడుగూ వెడల్పూ ఉన్న గడికి గుర్తు. గడిలో మంట ఏ మూల ఉన్నా చుక్క మాత్రం నడిమధ్యన పడుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాదంతా మా మేనేజరు క్లయింట్లకి చెప్పే ఇంగ్లీషు.

అడవిలో మంట ఆర్పడమంటే నీళ్ళు పొయ్యడం కాదని కూడా అక్కడే తెలిసింది. అక్కడ నీళ్ళెక్కడివి? పచ్చి కొమ్మలు విరిచి మంటని బాదుతారు. వేసవి ముదరకముందే అడవిలో వెడల్పుగా బాట తీసి, ఆకూ అలమూ లేకుండా ఊడ్చి, ఉత్త నేల బయటపెడతారు. కాగితాల మీద దాని పేరు ఫైర్ లైన్. అక్కడి మనుషులు గీత అంటారు. మంట గీత దాకా వచ్చి, తినడానికేమీ దొరక్క ఆగిపోవాలి.

ఆగేలా లేకపోతే ఎదురు మంట పెడతారు. గీతకి అవతల, పెద్ద మంట వచ్చే వైపు, అంచునే వీళ్ళే నిప్పు అంటిస్తారు. అది మెల్లగా పెద్ద మంటకి ఎదురుపోయి, మధ్యలో ఉన్న ఎండాకునంతా ముందే తినేస్తుంది. రెండూ కలిసిన చోట కాలడానికేమీ మిగలదు. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం గీత పొడుగునా మనుషులు వరసగా నిలబడాలి. ఎదురు మంటలోంచి రవ్వలు లేచి గీతకి ఇవతల పడుతూనే ఉంటాయి. పడ్డదాన్ని పడ్డట్టే కొట్టెయ్యాలి. మనుషులు పక్కకి పోయారంటే, ఊరి కోసం పెట్టిన మంట ఊరి మీదికే వస్తుంది.

అంత ప్రమాదం కాబట్టే ఎదురు మంట పెట్టమని చెప్పే అధికారం రేంజి ఆఫీసరుకి తప్ప ఇంకొకరికి ఉండేది కాదు. పెట్టిన వెంటనే రేంజి ఆఫీసు నుంచి మాకు ఫోన్ వచ్చేది, ఫలానా చోట మేమే పెట్టాం అని. మేం ఆ చుక్కని ఆకుపచ్చగా మార్చేవాళ్ళం. పైనుంచి చూసే యంత్రానికి మంట మంటే. ఏది ఊరిని కాల్చడానికి వస్తోందో, ఏది కాపాడటానికి పెట్టిందో దానికి తెలియదు.

ఇవన్నీ నాకు విడమరిచి చెప్పింది నా పక్క కుర్చీలో ఆయన. నాకంటే కొన్నేళ్ళు పెద్ద. ఉత్తరాన, గోదావరికి దగ్గర టేకు అడవి అంచున వాళ్ళ ఊరు. కొత్తగూడలోనే ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. చేరిన కొత్తలో నేను మా అలవాటు కొద్దీ "అన్నయ్యగారూ" అని పిలిచాను. ఆయన వెనక్కి తిరిగి చూసి, "అన్నయ్యగారేంది, పెండ్లి కార్డు లెక్క? అన్నా అను, సరిపోతది" అన్నాడు. ఆయన నన్ను చెల్లె అనేవాడు. నా టిఫిన్ డబ్బా మూత తియ్యగానే, "మీరు అన్నం తింటరా, ఉత్త కారమే తింటరా" అని కుర్చీ వెనక్కి జరుపుకునేవాడు. నేను ఆయన జొన్నరొట్టె చేతిలోకి తీసుకుని, "ఇది తినడానికా అన్నా, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోడానికా" అనేదాన్ని. ఆ ఆఫీసులో నాకు నచ్చిన మనిషి ఆయనొక్కడే.

మాది గుంటూరు వైపు. నాన్నకి బదిలీ అయితే కూకట్‌పల్లి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. అమ్మ నర్సుగా చేసి రిటైరైంది, ఆదివారాలు చర్చిలో చిన్నపిల్లలకి పాటలు నేర్పేది. అడవితో మా ఇంట్లో ఎవరికీ ఏ సంబంధమూ లేదు. నేను చుక్కల్ని చూశాను గానీ చెట్లని చూసింది లేదు. అన్న అలా కాదు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో, చెట్టు కింద పువ్వు కనబడటానికి జనం ఎండాకు కాలుస్తారు. చాలావరకు అవి పైకి కనబడవు. నాలుగైదు చెట్ల కింద ఒకేసారి అంటిస్తే చుక్క పడేది. అన్న దాన్ని చూడగానే, "ఇది ఇప్పపువ్వు కోసం పెట్టింది, సాయంత్రానికి ఆరిపోతది" అనేవాడు. అప్పుడప్పుడు ఊరి నుంచి ఎండిన ఇప్పపువ్వు పొట్లం తెచ్చేవాడు. నాకు ఆ వాసన పడేది కాదు. ఆయన బాధపడతాడని తిన్నట్టు నటించేదాన్ని.

ఆయన తమ్ముడు వాళ్ళ ఊరి అడవిలోనే ఫైర్ వాచరు, మంటల కాపలా మనిషి. వేసవి నెలలకి మాత్రం రోజుకూలి మీద పెట్టుకునేవాళ్ళు. అడవి లోపల ఫోన్ అందదు. ఒక బండ మీదికెక్కితే సిగ్నల్ దొరుకుతుంది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆ బండ మీద నుంచి ఫోన్ చేసేవాడు. అన్న స్పీకర్ పెట్టి మధ్యలో ఉంచేవాడు, నేనూ వినేదాన్ని.

"అన్నా, ఏమంటున్నది నీ సాటిలైటు?"

"నువ్వు చెట్టుకింద గురక పెట్టి పంటున్నవ్ అంటున్నది."

"లేదే, ఇప్పుడే గస్తీకి పోయి..." అని మొదలుపెట్టి, మాట పూర్తవకముందే కిసుక్కున నవ్వేసేవాడు. అబద్ధం మొదలుపెడితే చాలు, అతనికి నవ్వొచ్చేసేది. చిన్నప్పుడు బెల్లం దొంగిలించి ప్రతిసారీ అలాగే దొరికిపోయేవాడట. నేను అతన్ని చూడకముందే ఆ నవ్వుతో నాకు పరిచయం.

ఊళ్ళో మాత్రం అతను తన అన్న పైనుంచి అంతా చూస్తాడని గొప్పలు చెప్పుకునేవాడు. ఇప్పచెట్ల కింద అంటించబోయే ఆడవాళ్ళని, "పట్నంల మా అన్నకు కానొస్తది, ఇగ మీ ఇష్టం" అని బెదిరించేవాడు. అన్న అది విని పడీపడీ నవ్వేవాడు. ఊళ్ళో జనం నిజంగానే నమ్మారని మాకు అప్పుడు తట్టలేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. కొత్తగూడ చౌరస్తాలో ఎప్పుడు టైర్లు కాలుతాయో, ఎప్పుడు షట్టర్లు పడతాయో తెలిసేది కాదు. బంద్ అంటే బస్సులన్నీ మియాపూర్ డిపోలోనే పడుకునేవి. నేను షేర్ ఆటోలు మారుతూ, మిగతాది నడుస్తూ, తిట్టుకుంటూ ఆఫీసుకి చేరేదాన్ని. మెడలో కార్డులు వేసుకున్న ఉద్యోగులు రోడ్డు పక్కన చేతులు పట్టుకుని వరసగా నిలబడేవారు. ఆ వరసలో అన్న కూడా ఉండేవాడు. మధ్యాహ్నం చుక్కలు పడే వేళకి మాత్రం చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు.

మా ఇంట్లో టీవీ పొద్దస్తమానం మోగుతూనే ఉండేది. నాన్న చూస్తూ చూస్తూ, "మనం ఎక్కడికి పోవాలి ఇప్పుడు" అనేవాడు, ఎవరినీ ఉద్దేశించకుండా. నాకు అటు నాన్న మీదా కోపం వచ్చేది, ఇటు టీవీ మీదా కోపం వచ్చేది. ఎవరి మీదో సరిగ్గా తేల్చుకోలేని కోపం మనిషిని లోపల్నుంచి తినేస్తుంది.

ఆ మండే కాలంలోనే ప్రభుత్వ ఉద్యోగులు సహాయ నిరాకరణ అన్నారు. ఆఫీసులు మూతపడ్డాయి. మేం రేంజి ఆఫీసులకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. చుక్కలు మాత్రం ఎప్పటిలాగే పడేవి. ఓ రోజు విసుగెత్తి ఫోన్ పెట్టేసి అన్నాను, "ఆఫీసులన్నీ మూసుకుంటే అడవి ఎవరు చూస్తారండీ?"

కోపమొస్తే నాకు అండీ వచ్చేస్తుంది. అన్నకి ఆ సంగతి తెలుసు.

"ఇన్నేండ్లు మా దిక్కు ఎవలు చూసిన్రు చెల్లె?" అన్నాడు. గొంతు పెంచలేదు. "సమ్మె తప్పంటవా?"

"తప్పనలేదు. మంటల గురించి అడిగాను."

"మంటల ఫికర్ నాకంటె నీకెక్కువనా? నా తమ్ముడు ఆడనే ఉన్నడు."

నేను మళ్ళీ ఫోన్ అందుకున్నాను. ఆ తరవాత కొన్నాళ్ళు మేం టిఫిన్ డబ్బాలు పక్కపక్కనే పెట్టుకుని మాట్లాడకుండా తిన్నాం. జొన్నరొట్టె మీద జోకులు ఆగిపోయాయి. అటు సమ్మె గెలవాలనీ ఆయనకి ఉంది, ఇటు జీపు లేకుండా, సార్లు లేకుండా తమ్ముడు ఒక్కడే అడవిలో తిరుగుతున్నాడన్న బెంగా ఉంది. రోజుకూలి మనిషికి సమ్మె ఎక్కడిది? పని మానేస్తే మానేసినట్టే. రెండు బాధలూ ఒకే మనిషిలో ఎలా పట్టాయో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మళ్ళీ మేం మాట్లాడుకున్నది పెద్ద మంట వచ్చిన రోజునే. పొద్దున చిత్రంలో అన్న వాళ్ళ ఊరికి పడమటి వైపు చుక్కలు వరసగా పడ్డాయి, దండ గుచ్చినట్టు. ఇప్పపువ్వు చుక్కలు అలా ఉండవు. అన్న ముందుకు వంగి చూస్తుండగానే బండ మీద నుంచి ఫోన్ వచ్చింది. ఆ రోజు స్పీకర్ అలవాటు కొద్దీ పెట్టాడు.

"పెద్దగనే ఉన్నది అన్నా. గాలి ఊరి దిక్కే కొడుతున్నది. పువ్వు ఏరుతున్నోళ్ళను తీస్కొని గీత కాడికి పోతున్న."

"సార్లు ఎవలన్న వచ్చిన్రా?"

"సార్లెక్కడియి? సమ్మె గదా. నేను చూస్కుంట తియ్."

"జర పైలం తమ్మీ."

"ఆఁ" అన్నాడు. బండ దిగితే ఇక ఫోన్ అందదని మాకు తెలుసు. రేంజి ఆఫీసుకి నేను మళ్ళీ మళ్ళీ చేశాను. మోగుతూనే ఉంది. మా మేనేజరు ఆ రోజు రాలేదు. మిగతా వాళ్ళు వేరే జిల్లాల చుక్కలు చూసుకుంటున్నారు. మేమిద్దరం మధ్యాహ్నం చిత్రం కోసం తెర వంక చూస్తూ కూర్చున్నాం. అన్న డబ్బా తెరవలేదు. నేను తెరిచి మూసేశాను.

చిత్రం వచ్చింది. పడమటి చుక్కలు గీతకి బాగా దగ్గరయ్యాయి. అది అనుకున్నదే. గీతకి ఇవతల, ఊరి వైపు, కొత్తగా ఒక చుక్క పడింది. మనుషులు నిలబడి ఉంటారనుకున్న చోటికి వెనకాల.

అన్న లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పోయి గోడకి కొట్టుకుంది. "దాటింది" అన్నాడు. "మంట గీత దాటింది. వాళ్ళ ఎనక పడ్డది."

"అన్నా, ఒక్క చుక్కే. గడి నడిమధ్యన పడుతుంది కదా. గీత అంచున ఉన్నా..."

"అంచున ఉంటె? గీత దాకా ఇంకా మంట రాలే. ఆ అంచున ఇంకేం మంట ఉంటది?"

ఎదురు మంట అనే మాట ఇద్దరికీ రాలేదు. అది రేంజి ఆఫీసరు చెబితేనే పెట్టేది. పెడితే ఫోన్ వచ్చేది. ఫోన్ రాలేదంటే పెట్టలేదు. మా తలల్లో పని అలా నడిచేది. నేను మెల్లగా, ఇంకో చిత్రం వచ్చేదాకా ఆగుదామా అన్నాను. అన్న నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

"నీ తమ్ముడైతే ఆగుతవా చెల్లె?"

ఆగను. ఆగమని చెప్పే హక్కు కూడా నాకు లేదు. ఊళ్ళో కిరాణా దుకాణం నడిపే ఆయనకి అన్న ఫోన్ చేశాడు. మంట గీత దాటింది, మనోళ్ళ వెనక పడింది, బండి తీసుకుని పోయి అందరినీ దక్షిణం బాటన బయటికి తీసుకురమ్మన్నాడు. రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెబుతుంటే అవతల ఆయన ఫోన్ పెట్టేసి బయల్దేరిపోయాడు.

తరవాత మేం చెయ్యగలిగింది ఏమీ లేదు. కింద టిఫిన్ సెంటరులో సాయంత్రం బజ్జీల నూనె కాగుతోంది. చౌరస్తాలో నినాదాలు వినిపిస్తున్నాయి. పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది. అన్న విన్నాడు. చాలాసేపు విన్నాడు. "అందరు వచ్చిన్రా?" అని అడిగాడు. తరవాత, "వాడు?" అన్నాడు. తరవాత ఇంకేమీ అడగలేదు.

తమ్ముణ్ణి హైదరాబాద్ తెస్తున్నారని తెలిసి, అన్న ఉన్న ఫళాన పెద్ద దవాఖానకి వెళ్ళాడు. నేను ఇంటికి వెళ్ళి అమ్మకి చెప్పాను. ఎంత కాలింది అని అడిగింది. ఒళ్ళు సగానికి పైనే అన్నారని చెప్పాను. అమ్మ నీళ్ళ గ్లాసు కింద పెట్టి, నీకు తెలిసిన మనిషా అంది. గొంతు తెలుసు, చూడలేదు అన్నాను. "అయితే పొద్దున్నే వెళ్ళి చూసి రా" అంది. అమ్మ బతుకంతా ఆసుపత్రుల్లో గడిపింది. ఆ మాట చాలు నాకు, ఎక్కువ రోజులు లేవని అర్థమైంది. ఆ పూట అమ్మ ప్రార్థన చేస్తుంటే పక్కన కూర్చున్నాను గానీ, ఏం అడగాలో తోచలేదు.

పొద్దున్నే వెళ్తే, కాలిన రోగుల వార్డు బయట వరండాలో కిరాణా దుకాణం ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా నిండా మసి. అన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాడన్నాడు. నేను అన్నతో పనిచేస్తానని చెప్పాను. దారిలో రాస్తారోకో దగ్గర బండి ఆగిందనీ, లోపల మనిషిని చూసి కుర్రాళ్ళే రాళ్ళు పక్కకి జరిపి, వాళ్ళలో ఇద్దరు బైకు మీద ముందు వెళ్తూ పక్క మండలం దాకా దారి చేశారనీ చెప్పాడు. ఆ తరవాత అడగకుండానే మిగతాదీ చెప్పాడు. ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేని స్థితిలో ఉన్నాడు.

"మంట దాటలే మేడం. అది వీళ్ళు పెట్టిన మంటనే."

నేను అర్థం కానట్టు చూశాను. నిజానికి అప్పటికే అర్థమైపోయింది: మంట గీతకి అవతల, గడి నడిమధ్య మాత్రం ఇవతల.

"పెద్ద మంట జోరుగ వస్తున్నదని, ఇగ ఆగదని, గీత అవతల అంచున ఎదురు మంట పెట్టిన్రు. చెప్పెటోళ్ళు లేరు, అడిగెటోళ్ళు లేరు. ఊరు మిగలాలె గదా. మంచిగనే సాగుతున్నది. అందరు వరుసగ నిలబడి రవ్వలు కొడుతున్రు. నేను బండి మీద పోయి, మంట మీ ఎనక పడ్డదట, అన్న చెప్పిండు అని చెప్పిన. పిలగాడు నవ్విండు. అది మన మంటనే, కాకా, అన్నకు పైకెల్లి అట్ల కానొచ్చింది, ఏడోళ్ళు ఆడ నిలబడున్రి అన్నడు." ఆయన తల వంచుకున్నాడు. "మేమే ఇనలే. పైకెల్లి చూసినోడు చెప్పినంక వీని మాట ఎట్ల ఇంటం? పొగల మాకేం కానొస్తలేదాయె. పిల్లలు ఇంటికాడున్రు. అందరం ఉరికినం. వాడు ఒక్కడే ఆగిండు, రవ్వలు కొట్టుకుంట."

గీత అంత పొడుగు. ఒక్క మనిషి. గాలి హెచ్చి, రవ్వలు అతని వెనక అంటుకున్నాయి. ఊరి మొదటి ఇళ్ళ దగ్గరి దాకా వచ్చి, వాటి ముందున్న దుక్కి పొలాల దగ్గర మంట దానంతట అదే ఆగిందట. ఊళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు.

ఈ సంగతి అన్నకి చెప్పారా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "ఎట్ల చెప్తం మేడం?" అన్నాడు. చెప్పొద్దని నేనూ అన్నాను.

అన్న వచ్చాక ఇద్దరం లోపలికి వెళ్ళాం. ఒక్క ముఖం మాత్రమే కట్లు లేకుండా ఉంది, అదీ సగం. బండ మీద నుంచి ఇన్నాళ్ళు విన్న గొంతు ఈ మనిషిదేనని నాకు నమ్మబుద్ధి కాలేదు. అన్న మంచం పక్కన నేల మీద కూర్చుని, తమ్ముడి ముఖానికి తన ముఖం దగ్గరగా పెట్టాడు. ఊరి సంగతులేవో అన్నాడు. అమ్మకి ఇంకా చెప్పలేదన్నాడు. తరవాత గొంతు తగ్గించి అడిగాడు.

"తమ్మీ, మంట గీత దాటిందా?"

తమ్ముడు కళ్ళు తెరిచి అన్న వంక చూశాడు. మాట రావడానికి చాలా సేపు పట్టింది.

"దాటింది అన్నా. నువ్వు చెప్పబట్టే అందరు బయటపడ్డరు."

పెదవి ఒక పక్కకి కదిలింది. నొప్పికి అలా అయిందనుకున్నాను. అన్న తల ఊపాడు. లేచి, కట్టు లేని నుదుటి మీద చెయ్యి పెట్టబోయి, పెట్టకుండా తీసేసుకున్నాడు. నేను బయటికి వచ్చి వరండా చివర నిలబడి ఏడ్చాను. ఆ మనిషి ఎవరు నాకు? అయినా ఏడ్చాను.

ఆ వారం దాటలేదు. అన్న ఊరికి తీసుకెళ్ళి దహనం చేసి వచ్చాడు. కాలినవాణ్ణి మళ్ళీ కాల్చడం ఏంటని అమ్మ తనలో తను అనుకుంటుంటే విని, వంటింట్లోంచి వెళ్ళిపోయాను.

సహాయ నిరాకరణ అయిపోయింది. రేంజి ఆఫీసులో ఫోన్ ఎత్తారు. "హలో" అన్న ఆ గొంతు విని నేనే తడబడి పెట్టేశాను. అన్న రోజూ వచ్చేవాడు, కుర్చీలో కూర్చునేవాడు, మధ్యాహ్నం రొట్టె తినేవాడు. భోజనాల వేళ ఆయన ఫోన్ మా మధ్యలో బల్ల మీద మోగకుండా ఉండేది. దాన్ని పక్కకి పెట్టమని చెప్పలేకపోయాను. వాళ్ళ ఊరి రేంజి పనిని, నేను చూస్తాలే అన్నా అని నా వైపు లాక్కున్నాను. పొగ విడిపోయాక వచ్చిన చిత్రంలో, కాలిన నలుపు గీత అంచునే చక్కగా ఆగి, ఒక్క చోట మాత్రం నాలుక చాపినట్టు ఇవతలికి వచ్చింది. ఆ ఒక్క చోట ఎవరు ఒక్కడే చివరిదాకా నిలబడ్డాడో నాకు తెలుసు. ఆయన కంట పడకుండా ఆ ఫైలు వేరే చోట పెట్టాను. ఉద్యమం సాగుతూనే ఉంది. ఆయన ఇప్పుడూ రోడ్డు మీద వరసలో నిలబడేవాడు. మా నాన్న టీవీ చూస్తూనే ఉన్నాడు. ఆ ఏడాదంతా నేను ఒక మనిషిని ఒక నిజం నుంచి కాపాడుతున్నాననుకుంటూ బతికాను.

మళ్ళీ ఎండాకు రాలింది. ఒక మధ్యాహ్నం ఎక్కడో దక్షిణాన, మాకు సంబంధం లేని ఊరి దగ్గర, గీతని ఆనుకుని ఇవతలి వైపు చుక్క పడింది. దాటినట్టే ఉంది. నేను ఫోన్ అందుకోబోతే అన్న ముందే అందుకున్నాడు.

"నమస్తే సార్. మీ దిక్కు ఒక చుక్క పడ్డది. గీత కాడ మీవాళ్ళు ఏమన్న ఎదురు మంట పెట్టిన్రా?"

అలా అడగాలని మా పనిలో ఎక్కడా లేదు. చుక్క చెప్పి పెట్టెయ్యడమే.

"తెల్వకుంటె కనుక్కోండి సార్. నేను లైన్ల ఉంట."

ఉన్నాడు. అవతల ఎవరో ఎవరినో పిలిచారు, వాకీటాకీ గరగరలాడింది. అన్న రిసీవర్ రెండు చేతులతో పట్టుకుని కిటికీలోంచి అద్దాల మేడల వైపు చూస్తున్నాడు. కాసేపటికి అవతలి గొంతు నాకూ వినబడింది.

"మావోళ్ళదే. అంటించి రెండు మూడు గంటలయిందంట, ఇంకా అక్కడే ఉన్నారంట."

"మంచిది సార్. అయితే వాళ్ళను ఆడికెల్లి కదలనియ్యకున్రి. ఎవరు చెప్పినా సరే" అని ఫోన్ పెట్టేశాడు. చుక్కని ఆకుపచ్చగా మార్చాడు.

"అన్నా" అన్నాను.

"వాడు నాకు దవాఖానల అబద్ధం చెప్పిండు చెల్లె" అన్నాడు నా వైపు చూడకుండానే. "చెప్పంగ నవ్వొచ్చింది వానికి. నువ్వు చూడలే?"

చూశాను అన్నాను. ఆయన సరే అన్నట్టు తలూపి, పక్క రేంజి నంబరు నొక్కాడు.